సీటు వచ్చింది సరే, కాలేజీ చూసొచ్చారా?

జూలై, ఆగస్టు నెలల్లో తెల్లవారుజామున కర్నూలు ఆర్టీసీ బస్టాండులో దిగితే కొన్ని కుటుంబాలు కనిపిస్తాయి. పక్కన ట్రంకు పెట్టె, కొత్త ప్లాస్టిక్ బకెట్, చుట్టిన చాప, పాలిథిన్ కవర్లో సర్టిఫికెట్ల ఫైలు. నాన్న కూర్చునే కునుకు తీస్తుంటాడు. అమ్మ మేలుకొని సామాను చూసుకుంటుంటుంది. పిల్ల ఫోనులో అలాట్‌మెంట్ ఆర్డర్‌ను ఇంకోసారి తెరిచి చూస్తుంది. పొద్దున కాలేజీలో రిపోర్టు చేయాలి. ఆ కాలేజీ గేటును ముగ్గురూ చూడబోయేది అదే మొదటిసారి.

మేమూ అలా వచ్చినవాళ్లమే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మాది. ఇప్పుడు పరిశోధన పని మీద కర్నూలు, కడప జిల్లాల దళితవాడల్లో తిరుగుతున్నప్పుడు, కొత్తగా కాలేజీల్లో చేరిన పిల్లల ఇళ్లలో ఒక మాట మళ్లీ మళ్లీ వింటున్నాం. చేరకముందే ఒకసారి చూసి వచ్చి ఉంటే బాగుండేదని. చూసి రావడం చిన్న పనే. కానీ మన కుటుంబాలకు అది ఎందుకు అందడం లేదు, అందాలంటే ఏం చేయాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

ముందు చూసి, తర్వాత చేరే పద్ధతి

అమెరికాలో చాలా కాలేజీలు మార్చి నెలాఖరుకల్లా ఎవరికి సీటు ఇచ్చిందీ చెప్పేస్తాయి. చేరేదీ లేనిదీ తేల్చుకోవడానికి విద్యార్థికి మామూలుగా మే 1 వరకు గడువు ఉంటుంది. ఈ మధ్యలో, ఏప్రిల్‌లో, సీటు వచ్చిన పిల్లలను కాలేజీలే పిలిపించుకుంటాయి. ఎంఐటీలో ఈ కార్యక్రమాన్ని 'క్యాంపస్ ప్రివ్యూ వీకెండ్' అంటారు. కొత్త పిల్లలు ఇప్పటికే చదువుతున్న విద్యార్థుల హాస్టల్ గదుల్లో పడుకుంటారు, వాళ్లతో కలిసి మెస్‌లో తింటారు, క్లాసుల్లో కూర్చుంటారు. తల్లిదండ్రులు కూడా వస్తే ఫీజులు, భద్రత, వసతి గురించి అధికారులను అడగడానికి వీలుంటుంది. పేద కుటుంబాల పిల్లలకు రానుపోను ఛార్జీలు భరించే కాలేజీలూ ఉన్నాయి.

అక్కడా అందరికీ ఈ అవకాశం లేదు. అయినా వాళ్లు పాటించే వరుసను గమనించాలి. ముందు సీటు, తర్వాత ఒక రాత్రి బస, ఆ తర్వాత నిర్ణయం. నచ్చకపోతే మానుకునే హక్కు విద్యార్థి చేతిలోనే ఉంటుంది.

మన దగ్గర వరుస తిరగబడింది

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ సీటుకు ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, అలాట్‌మెంట్, రిపోర్టింగ్ అన్నీ వెంటవెంటనే జరిగిపోతాయి. అసలు నిర్ణయం వెబ్ ఆప్షన్ల దగ్గరే అయిపోతుంది. దానికి ఇచ్చేది కొద్ది రోజులు. కాలేజీని కళ్లతో చూసేది రిపోర్టింగ్ రోజున. అప్పటికి నచ్చినా నచ్చకపోయినా చేసేదేమీ పెద్దగా ఉండదు.

లెక్చరర్ బాబాయో, ఇంజనీరు మేనమామో ఉన్న ఇంటికి ఈ తొందర పెద్ద ఇబ్బంది కాదు. ఏ కాలేజీలో ఏ బ్రాంచి బాగుంటుందో, ఏ హాస్టల్లో నీళ్లు రావో వాళ్లకు ఇంట్లోనే తెలుస్తుంది. ఆ సమాచారం వాళ్లకు పొలం లాగా, ఇల్లు లాగా వారసత్వంగా వస్తుంది. మన పిల్లలకు దిక్కు నెట్ సెంటర్ కుర్రాడు, లేదంటే వాడలోకి వచ్చి కరపత్రాలు పంచే ప్రైవేటు కాలేజీ పీఆర్వో. అతనికి కావలసింది తన కాలేజీలో సీట్లు నిండడం.

పోయి చూసి రావాలంటే డబ్బు కావాలి. ఇద్దరు మనుషుల బస్సు ఛార్జీలు, రెండు రోజుల కూలి పోతాయి. అడ్మిషన్లు జరిగేది ఖరీఫ్ విత్తనాలు పడే కాలం. కోసిగి, ఆదోని, ఆలూరు వైపు చాలా కుటుంబాలు చలికాలంలో గుంటూరు జిల్లాకు పత్తి, మిరప కోతలకు వలస వెళ్లి ఉగాది నాటికి తిరిగొస్తాయి. ఊళ్లో ఉండే ఈ కొద్ది నెలల్లో పని దొరికిన రోజును వదులుకోవడం వాళ్లకు తేలిక కాదు.

గడువు ఎంత కఠినంగా ఉంటుందో 2024లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత దినకూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. 17,500 రూపాయల సీటు ఫీజు సర్దేసరికి గడువు దాటిపోయింది, సీటు పోయింది. ఆ అబ్బాయి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2024 సెప్టెంబర్ 30న కోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద అతన్ని చేర్చుకోవాలని ఆదేశించింది. అందరూ సుప్రీంకోర్టు దాకా వెళ్లలేరు. గడువులు, రుసుములు ముందే తెలిసి ఉండటం మనకు ప్రాణావసరం అనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మన జిల్లాల్లో

కడప జిల్లా వేంపల్లె మండలం ఇడుపులపాయలో ఆర్జీయూకేటీ ప్రాంగణం ఉంది. జనం దాన్ని ట్రిపుల్ ఐటీ అంటారు. 2008లో గ్రామీణ పేద పిల్లల కోసం మొదలైంది. పదో తరగతి మార్కుల మీద సీటు ఇస్తారు, ఆరేళ్లు అక్కడే ఉండి చదవాలి. అంటే హాస్టల్లో మొదటి రాత్రి గడిపే పిల్లకు పదిహేనేళ్లు. కర్నూలు పడమటి మండలాల నుంచి అక్కడికి చేరాలంటే బస్సులు మారుకుంటూ పోవాలి. కౌన్సెలింగ్‌కు ముందు రోజే బయలుదేరక తప్పదు. అందుకే ఆ రాత్రి చాలామందికి బస్టాండే బస.

కర్నూలు నగరంలోని సిల్వర్ జూబ్లీ కాలేజీ 1972లో, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా మొదలైంది. అప్పటి రాష్ట్రంలోని మూడు ప్రాంతాల పిల్లలు ఒకేచోట ఉండి చదవాలన్నది ఉద్దేశం. హాస్టల్లో కలిసి బతకడం కూడా చదువులో భాగమేనని ప్రభుత్వమే ఒప్పుకొన్న సందర్భం అది. జగన్నాథగట్టు మీద ఉన్న ట్రిపుల్ ఐటీడీఎం 2015లో ఏర్పడిన కేంద్ర సంస్థ. అక్కడికి వేరే రాష్ట్రాల పిల్లలూ వస్తారు. కర్నూలు పక్కనే చిన్నటేకూరు గురుకులంలో ఐఐటీ, మెడికల్ ప్రవేశ పరీక్షలకు శిక్షణ పొందిన మన పిల్లలు దూర రాష్ట్రాలకు వెళ్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలకు ఆ ప్రాంగణం ఇంకా దూరం.

ఒక రాత్రి ఉంటే ఏం తెలుస్తుంది

పగలు చూస్తే భవనాలు కనిపిస్తాయి. రాత్రి ఉంటే మనుషులు తెలుస్తారు. ఎవరు ఎవరితో గది పంచుకుంటున్నారు, మెస్‌లో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, పేరు చెప్పగానే ఇంటిపేరు, ర్యాంకు ఎందుకు అడుగుతున్నారు అన్నది భోజనాల వేళ, లైట్లు ఆర్పే వేళ బయటపడుతుంది.

ఇవి మన అనుమానాలు కావు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై విచారించిన థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులు భరించలేక హాస్టళ్లలో ఒకే చోటికి చేరిపోవాల్సి వస్తోందని నమోదైంది. 2023లో బొంబాయి ఐఐటీ మెస్‌లో శాకాహారులకు ప్రత్యేక బల్లలు కేటాయించడంపై నిరసన తెలిపినందుకు విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. ప్రాంగణంలో రాత్రి ఎక్కడ తల దాచుకోవాలన్నది దళిత విద్యార్థికి ఎప్పుడూ ప్రాణం మీది ప్రశ్నే.

చట్టం ఏమంటోంది

ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వంపై యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. హాస్టల్లో, మెస్‌లో, ఆటస్థలంలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులను వేరు చేయడం, క్లాసులో కులం పేరు బయటికి చదవడం, 'రిజర్వేషన్ కేటగిరీ' అని ముద్ర వేయడం వాటి ప్రకారం వివక్షే. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి.

ర్యాగింగ్‌పై రాష్ట్రంలో 1997 నుంచి చట్టం ఉంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం కొత్త విద్యార్థులను వీలైనంత వరకు వేరే హాస్టల్ బ్లాకులో ఉంచాలి. సాయం కోసం ఎవరిని కలవాలో ఫోన్ నంబర్లతో అచ్చు వేసిన కాగితం చేతికివ్వాలి. సాంకేతిక కోర్సుల్లో చేరిన పిల్లలకు మూడు వారాల పరిచయ కార్యక్రమం నడపాలని ఏఐసీటీఈ చెబుతోంది. కానీ ఇవన్నీ చేరాక మొదలయ్యేవి. చేరకముందు చూసే హక్కు గురించి ఇవేవీ మాట్లాడవు.

మనం చేసుకోగలిగింది

ఆప్షన్లకు ముందు. ర్యాంకు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్లు మొదలయ్యే రోజు దాకా ఉన్న వ్యవధే మన ఏప్రిల్ నెల. ఆ లోపు కనీసం రెండు కాలేజీలు చూడండి. పిల్లతో పాటు ఊళ్లో కాలేజీ చదివిన అక్కనో అన్ననో తీసుకెళ్లండి. ఆఫీసు దగ్గర ఆగిపోకుండా మెస్ దాకా, హాస్టల్ స్నానాల గదుల దాకా వెళ్లి చూడండి. అక్కడ చదువుతున్న మన పిల్లలను వెతికి విడిగా మాట్లాడండి. వాళ్లు చెప్పేది కరపత్రంలో ఉండదు.

కాగితాలు. ఎస్సీ వర్గీకరణ 2025లో అమల్లోకి వచ్చాక 15 శాతం కోటా మూడు గ్రూపులైంది: రెల్లి తదితర కులాలకు 1, మాదిగ తదితర కులాలకు 6.5, మాల తదితర కులాలకు 7.5 శాతం. కాబట్టి కుల ధ్రువీకరణ పత్రంలో ఉపకులం సరిగా ఉందో లేదో ముందే చూసుకోండి. తప్పుంటే సచివాలయంలో దిద్దించుకోవడానికి రోజులు పడుతుంది. ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతాలో పేర్లు ఒకేలా ఉండాలి. కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు.

అడగాల్సిన ప్రశ్నలు. స్కాలర్‌షిప్ కిందికి వచ్చే ఫీజు పోను మేం చేతినుంచి కట్టాల్సింది ఎంత? ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే పిల్లను పరీక్షకు రానిస్తారా? గదులు ఏ పద్ధతిలో ఇస్తారు? వివక్ష నిరోధక అధికారి ఎవరు, నంబరు ఎంత? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఆ అధికారి పేరు ఆఫీసులో ఎవరికీ తెలియకపోతే అది కూడా ఒక జవాబే.

రిపోర్టింగ్ రోజు. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో స్పష్టం చేసింది. దగ్గర పెట్టుకుంటామంటే కనీసం జాబితాతో రసీదు అడగండి. జిరాక్సులు మూడు సెట్లు ఇంట్లోనే తీయించుకోండి.

మొదటి వారం. రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. బాగున్నావా అని అడిగితే బాగున్నానే అంటుంది. ఎవరితో తిన్నావు, గదిలో ఎవరెవరున్నారు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522, కుల వేధింపుల ఫిర్యాదుకు 14566 నంబర్లు పిల్ల ఫోనులోనూ, మీ ఫోనులోనూ ఉండాలి.

కాలేజీలు, ప్రభుత్వం చేయాల్సింది

మేం అడుగుతున్నవి ఖరీదైనవి కావు. ర్యాంకులకూ వెబ్ ఆప్షన్లకూ మధ్య వారం వ్యవధి ఇచ్చి, ఆ రోజుల్లో ప్రభుత్వ, విశ్వవిద్యాలయ కాలేజీలు గేట్లు తెరిచి పెట్టాలి. వేసవి సెలవుల్లో హాస్టల్ గదులు ఖాళీగానే ఉంటాయి. దూరం నుంచి వచ్చిన కుటుంబాన్ని ఒక రాత్రి ఉండనివ్వవచ్చు. అలాట్‌మెంట్ ఆర్డర్ చూపిస్తే విద్యార్థికీ వెంట వచ్చిన ఒకరికీ ఆర్టీసీ బస్సులో ఛార్జీ లేకుండా చేయవచ్చు. సాంఘిక సంక్షేమ శాఖకు కర్నూలు, కడప పట్టణాల్లో కాలేజీ విద్యార్థుల వసతిగృహాలున్నాయి. కౌన్సెలింగ్ రోజుల్లో వాటిలో ఒక హాలు తల్లిదండ్రులకు కేటాయిస్తే బస్టాండులో పడుకునే పని తప్పుతుంది.

అవి జరిగేదాకా ఈ బాధ్యత చదువుకున్న మనదే. ఈ ఏడాది మీ వాడలో ఎవరికైనా ర్యాంకు వస్తే, ఆ పిల్లతో ఒక రోజు వెళ్లి రండి. మేం చేరిన రోజు మమ్మల్ని మెస్ దాకా తీసుకెళ్లి, ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో జాగ్రత్తగా ఉండాలో చెప్పింది మా పక్క ఊరి సీనియర్ ఒకడు. మా నాన్న ఆ రాత్రి అతని గదిలోనే పడుకుని, పొద్దున నిశ్చింతగా బస్సెక్కాడు.