పదియవ పాలు నేల

పల్లె పెరిగినపుడు దానితోపాటు నీడయు పెరుగుచుండెను. ఊరి మొదట రావిచెట్టు, దాని చుట్టు రచ్చబండ, చెరువుగట్టున తుమ్మలు, ఊరి వెలుపల పశువులు మేయు బీడు, పిల్లలు చెడుగుడాడు మైదానము, ఇవి యెవ్వరును కాగితముమీద వ్రాసి పంచినవి కావు. ఏ యొక్కనివియు గానందున నవి యందరివిగా నుండెను. పట్టణధర్మము వేరు. పట్టణమున ప్రతి గజమునకును వెల కలదు; ప్రతి గజమునకును యజమాని కలడు. అచ్చట పటములో గుర్తింపబడని నీడ నేలమీద నిలువదు. కావుననే, ఇండ్లస్థలములు విక్రయించువారు తోటకై కొంత నేలను విడువవలయునను నియమము పుట్టినది. ఈ నియమ మెట్లు వచ్చెను, దాని వెల నెవరు చెల్లించుచున్నారు, అది ఫలించినదా లేదా యను విషయమును హైదరాబాదునకు ఉత్తరముననున్న మేడ్చల్, శామీరుపేట ప్రాంతముల చరిత్రనుబట్టి విచారింతము.

సికిందరాబాదునుండి ఉత్తరముగా రెండు పెద్ద బాటలు పోవుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపురమునకు, రెండవది శామీరుపేట మీదుగా కరీంనగరమునకు. ఈ బాటల చెంతనున్న పల్లెలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి వహించినవి. అనాబ్-ఎ-షాహి యను తెల్లద్రాక్ష యీ పందిళ్లనుండి నగరపు బజారులకు వచ్చుచుండెడిది. 1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడినపుడు ఈ పల్లెలు హైదరాబాదు జిల్లానుండి విడివడెను. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి యను కొత్త జిల్లా యేర్పడెను. ఈ నడుమ ద్రాక్షపందిళ్లు తగ్గినవి, హద్దురాళ్లు పెరిగినవి. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము శామీరుపేట చెంత నెలకొనెను. ఔషధ, జీవశాస్త్ర పరిశ్రమలకై జీనోమ్ వ్యాలీ వచ్చెను. 2008లో పిలానీవారి బిట్స్ విద్యాలయము వచ్చెను. 158 కిలోమీటర్ల వలయరహదారి కండ్లకోయ, శామీరుపేటల మీదుగా సాగెను. రహదారి వచ్చినచోట రైతుపొలము ఎకరముల లెక్కనుండి గజముల లెక్కకు దిగును. అట్లు దిగిన నేలకే యీ ప్రాంతమున 'వెంచరు' అని పేరు.

తోటలకు ధనము సమకూర్చు పద్ధతులు చరిత్రలో మూడు విధములుగా కనబడుచున్నవి. మొదటిది ప్రభువుల యనుగ్రహము. హైదరాబాదు నగరమున బాగె ఆం యని పిలువబడిన పబ్లిక్ గార్డెన్సు అట్టిది. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన పిదప, 1912లో నగరాభివృద్ధిసంస్థ యేర్పడి ఇరుకువాడలను తొలగించి, బాటలను వెడల్పుచేసి, కొత్త నివాసములు కట్టించెను. ఆ పనులకు సొమ్ము ఖజానాదే. ప్రభువునకు దయ గలిగినచోట తోట వెలసెను. దయ ప్రసరింపని వాడలకు తోట లేదు.

రెండవ పద్ధతి పురజనుల యప్పు. ఇంగ్లండునందలి బిర్కెన్‌హెడ్ పట్టణమువారు 1843లో చట్టముమూలమున అధికారము పొంది, ప్రజాధనముతో 226 ఎకరముల నేలను కొనిరి. అందు 125 ఎకరములు తోటకై యుంచి, తక్కిన నేలను తోటచుట్టు ఇండ్లస్థలములుగ విక్రయించిరి. జోసెఫ్ పాక్స్టన్ రూపకల్పన చేసిన యా యుద్యానము 1847లో ప్రజలకు తెరువబడెను. తోట వలన ఇండ్లస్థలముల వెల హెచ్చెను. ఆ హెచ్చిన వెలయే తోటఖర్చునకు తోడ్పడెను. పచ్చదనము దండుగ కాదనియు, చుట్టునున్న నేలకు విలువ నిచ్చు మూలధనమనియు లోకమునకు దీనివలన తెలిసినది.

మూడవది మనము నేడు చూచుచున్న పద్ధతి. నేలను చీల్చి యమ్మువాడే తోటకు నేలనో సొమ్మునో యీయవలయును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1965లో క్విమ్బీ చట్టము చేసి యీ సూత్రమును స్థిరపరచెను. ఆ చట్టముక్రింద వేయిమందికి మూడెకరముల చొప్పున, కొన్ని యెడల అయిదెకరముల వరకును, పురపాలకులు కోరవచ్చును. నేలకు మారుగా సొమ్ము తీసికొన్నచో, ఆ సొమ్ము ఆ నివాసులకు ఉపయోగపడు తోటకే చెందవలెను. అయిదేండ్లలో దానిని ఒక పనికి కేటాయింపవలెను. కానిచో అప్పటి స్థలయజమానులకు తిరిగి యీయవలెను. ఈ గడువును, ఈ తిరుగుబాకీని చదువరులు గుర్తుంచుకొనవలయును. మన కథలో వీని యవసరము ముందు రాగలదు.

మనదేశమున 1975లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ, అనగా హుడా, యేర్పడెను. 2008లో అది మఱికొన్ని సంస్థలతో కలిసి ఏడువేల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరిధిగల హెచ్.ఎం.డి.ఏ. యయ్యెను, మేడ్చల్, శామీరుపేటలు దాని యేలుబడిలోనివే. పల్లెల లే-అవుట్లకు 2002లో వెలువడిన నియమములు మొత్తము స్థలములో నూటికి పది పాళ్లు ఖాళీగ విడిచి, వెల తీసికొనక, రిజిస్టరు చేసిన దానపత్రముతో పంచాయతీకి అప్పగింపవలెనని శాసించినవి. మఱియొక కట్టుబాటు కలదు. రోడ్లు, మురుగుకాలువలు, తోట మొదలగునవి పూర్తియగువరకు ప్లాట్లలో నూటికి పదునైదు పాళ్లు అధికారసంస్థకు తనఖాగ నుండవలెను. పని ముగిసిన పిదపనే తనఖా విడిపించి తుది యనుమతి యిత్తురు. కాగితముమీద చూచిన యెడల ఇంతకంటె చక్కని యేర్పాటు దుర్లభము.

ఈ పదియవ పాలును ఇచ్చుచున్న దెవరు? వెంచరుదారుడా? ఒక లెక్క వేసి చూతము. పదియెకరముల పొలమనగా 48,400 గజములు. అందు పదియవ పాలు 4,840 గజములు తోటకు పోవును. బాటలకు ముప్పది పాళ్లు పోయినవనుకొందము. అది 14,520 గజములు. మిగిలిన 29,040 గజములలో రెండువందల గజముల ప్లాట్లు సుమారు నూటనలుబది యైదు వచ్చును. తోటను ఆ ప్లాట్లకు పంచినచో ఒక్కొక్కరి వంతు ముప్పదిమూడు గజములు. వ్యాపారి యీ నేలను తన జేబునుండి దానము చేయుట లేదు. విడిచిన నేల వెలను విక్రయించు నేలమీద వేసికొనుచున్నాడు. నెలజీతములో మిగిల్చి, యింటిలోని బంగారము కుదువబెట్టి ప్లాటు కొనిన గృహస్థుడు తనకు తెలియకుండనే ముప్పదిమూడు గజముల తోటను గూడ కొనియున్నాడు. దానపత్రముపై సంతకము వ్యాపారిదైనను, దానము చేసినది కొనుగోలుదారుడే. కాబట్టి ఆ తోటను అడుగుట యాచన కాదు. తన సొమ్మునకు లెక్క యడుగుట.

నియమ మిట్లుండగా ఆచరణము వేరుదారి తొక్కినది. పట్టణపు టంచునందలి పల్లెలలో అనేకులు హుడా, హెచ్.ఎం.డి.ఏ. గడప తొక్కక, పంచాయతీ ముద్ర యొకటి వేయించుకొని ప్లాట్లు విక్రయించిరి. అట్టి వెంచర్లలో పదియవ పాలు ఒక్కొక్కచోట పటములో మాత్రమే యుండెను. ఒక్కొక్కచోట పటములోను లేకుండెను. అగ్గువకు వచ్చినదని కొనినవారు పిదప ఇంటి యనుమతికి పోయినపుడు గాని సంగతి యెరుగరైరి. వీరిని ఉద్ధరించుటకు ప్రభుత్వము 2007 చివరను, మరల 2015లోను, మరల 2020లోను క్రమబద్ధీకరణపథకములు వెలువరించెను. 2020 నాటి పథకమునకు ఇరువదియైదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. 2025లో రుసుములందు నూటికి ఇరువదియైదు వంతుల తగ్గింపు గూడ ప్రకటింపబడెను.

ఆ పథకములో మన విషయమునకు సంబంధించిన యంశ మొకటి కలదు. వెంచరులో పదియవ పాలు ఖాళీ విడువనిచో, ప్లాటుదారుడు తన ప్లాటు విలువలో నూటికి పదునాలుగు వంతులు ఖాళీస్థలపు రుసుముగ చెల్లింపవలెను. రిజిస్ట్రేషను నాటి విలువనే లెక్కకు తీసికొనవలెనని తరువాత సవరణ చేసిరి. అది పేదవాని కొంత యూరట. కాని విచారింపుడు. దొంగిలింపబడినది తోట, దొంగిలించినవాడు ప్లాట్లమ్ముకొని పోయినాడు, జరిమానా చెల్లించువాడు తోటలేని వాడలో నిలిచిన గృహస్థుడు. ఆ సొమ్మంతయు వచ్చినను ఆ వాడలో కొనుటకు నేల యెక్కడిది? ప్రతి గజమును ఎవరో యొకరు కొనియే యున్నారు. ఎన్నో యేండ్లనాటి వెలతో వసూలైన సొమ్ము నేటి వెలకు ఎన్ని గజముల నీయగలదు? కాలిఫోర్నియావలె గడువుగాని, తిరుగుబాకీగాని ఇచ్చట గృహస్థునకు చూపబడలేదు. సొమ్ము నేలకు మారు కాజాలదను సత్యము ఇచ్చట స్పష్టపడుచున్నది. నేల ముందుగా విడువబడవలెను, తరువాత విడువబడదు.

నేల విడువబడినచోటనైనను కథ ముగియలేదు. దానపత్రము పంచాయతీ పెట్టెలో పడును. ఆ పంచాయతీ యెంతకాల ముండును? 2018లో ఈ ప్రాంతమున తూముకుంట, గుండ్లపోచంపల్లి మొదలగు పురపాలకసంఘములు కొత్తగ వెలసెను. 2024లో వలయరహదారి చెంతనున్న ఏబదియొక్క గ్రామపంచాయతీలు పురపాలకసంఘములలో కలుపబడినవి. శామీరుపేట తూముకుంటలో కలిసెను. 2025 చివర మేడ్చల్, తూముకుంటలతో సహా ఇరువదియేడు పురపాలనలు మహానగరపాలనలో విలీనమయ్యెను. ఏడెనిమిదేండ్లలో ఒక్కొక్క తోటకు ముగ్గురేసి సంరక్షకులు మారిరి. సంరక్షకుడు మారినప్పుడెల్ల కాగితపుకట్ట యొక బల్లనుండి మఱియొక బల్లకు పోవును; నేలమీద మాత్రము కంచె లేదు, ఫలకము లేదు. నడుమ ఒక రాత్రి హద్దురాళ్లు పడును. కొత్త ప్లాటు సంఖ్యలు పుట్టును. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువులతోపాటు లే-అవుటు తోటలను గూడ ఆక్రమణలనుండి విడిపించు పనికి పూనుకొనుటయే వ్యాధి యెంత ముదిరినదో తెలుపుచున్నది.

ఆక్రమణ యెల్లప్పుడును దుర్మార్గుని వేషముతో రాదు. ఒకచోట సంఘభవనమని, ఒకచోట ఆసుపత్రియని, ఒకచోట దేవాలయమని వచ్చును. బెంగుళూరునందు తోటకై యుంచిన స్థలమును ఒక వైద్యసంస్థకు కేటాయింపగా, ఆ వాడవాసులు న్యాయస్థానమునకు పోయిరి. ఆసుపత్రి మంచిదే కదాయను వాదమును సర్వోన్నత న్యాయస్థానము 1991లో త్రోసిపుచ్చి, ప్రజలకు తోటగ నుద్దేశించిన స్థలమును అధికారుల యిష్టానుసారము మార్చరాదని తీర్పు చెప్పెను. ఒక మంచిపనికి మఱియొక మంచిపనిని బలియిచ్చుట సంస్కారము కాదు.

నేల నిలిచినను నీరు పోయువాడెవడు? దానపత్రము నేల నిచ్చును గాని తోటమాలి జీత మీయదు. 2019 నాటి తెలంగాణ పురపాలకచట్టము బడ్జెటులో పదియవ వంతును పచ్చదనమునకు కేటాయింపుమని విధించినది. పల్లెలలో అదేకాలమున ప్రకృతివనములు నాటబడెను. కాని మొక్క నాటుట యొక దినపు పని. పెంచుట పదేండ్ల పని. వేసవిలో నీరు పోయుట, ఎండిన కొమ్మ నరుకుట, విరిగిన ఊయల బాగుచేయుట, వీనికి ఫోటోలు తీయువారు లేరు.

ఇక గోడలలోపలి తోటలు. పెద్ద సమూహగృహములు కట్టువారు స్థలములో పదియవ పాలు బయలుగ నుంచవలెనని 2012 నాటి భవననియమములును చెప్పుచున్నవి. కాని ఆ తోటకు ద్వారపాలకుడు కలడు. లోపల పచ్చిక, పిల్లల జారుడుబల్లలు. వెలుపల అదే గోడనానుకొని పాతయూరు. ఆ యూరివారి పొలముననే ఆ గృహము లేచినది. వారి బీడు పోయినది, తోపు పోయినది. కొత్తతోట వారిది కాలేదు. ఇండ్లలో పనిచేయు స్త్రీల పిల్లలు, ఇటుకలు మోయు కూలీల పిల్లలు బాటమీదనే ఆడుకొనుచున్నారు. నగరమునకు ఈ నియమము పుట్టినది ఎవరికొరకని మన మిచ్చట ప్రశ్నించుకొనవలసి యున్నది. పల్లెలోని సామాన్యపు నేలకు మారుగ పట్టణమున సామాన్యపు నేల యుండవలెనని గదా మూలోద్దేశము! కొనగలిగినవానికి మాత్రమే నీడ దొరకినచో, ఆ నియమము పేరు నిలిచి ప్రాణము పోయినట్లే.

తోటకు నేల విడువుమన్నచో ప్లాటు వెల హెచ్చి, సామాన్యుడు ఇల్లు కట్టుకొనలేడని కొందరనవచ్చును. ఈ వాదమున కొంత నిజము లేకపోలేదు. కాని రెండువందల గజముల ప్లాటులో నివసించువానికి పెరడు లేదు. అతని వృద్ధమాతకు సాయంకాలము కూర్చుండ చోటు లేదు. భార్యకు నాలుగడుగులు నడువ బాట లేదు. పెద్ద బంగళావానికి సొంత తోట గలదు. సామాన్యపుతోట అవసరము ఇల్లు చిన్నదైనకొలది పెరుగును గాని తరుగదు. కావున పేదవాని పేరు చెప్పి తోటను తీసివేయుట పేదవానికే నష్టము.

చేయవలసిన పని కఠినమైనది కాదు. ప్లాటు కొనువారు ధర యడుగుటకు ముందు మంజూరైన పటమునకు ప్రతి యడుగవలెను. అందు ఖాళీస్థల మెన్ని గజములో, దానపత్రము సంఖ్య యెంతో చూడవలెను. పోయి ఆ నేలమీద నిలిచి హద్దులు లెక్కింపవలెను. వాడలోనివారు సంఘముగ నేర్పడి సర్వే సంఖ్యయు, విస్తీర్ణమును వ్రాసిన రాతిఫలకము నాటింపవలెను. పురపాలకులు వసూలుచేసిన ఖాళీస్థలపు రుసుమును ఊరివారీగ ప్రకటించి, ఆ యూరి చెరువుగట్టునో, మిగిలిన ప్రభుత్వపు నేలనో తోటచేయుటకు వినియోగింపవలెను. ద్రాక్షపందిళ్లు మరల రావు. వానిని కోరుట వ్యర్థము. కాని మన వెల చెల్లించి కొనిన ముప్పదిమూడు గజములు ఎక్కడనున్నవో తెలిసికొనుట ప్రతి యింటివారికి సాధ్యము. ఈ నెలలోనే యొక సాయంకాలము ఇంటి దస్తావేజుల పెట్టెలోని పటమును తీసి చూచినచో, పని మొదలైనట్లే.