అభయం ఎవరు ఎవరికివ్వాలి?

మా ఖిల్లా ఘణపురానికి ఆ పేరు కాకతీయ గణపతిదేవుని మీదుగా వచ్చిందంటారు. ఆయన సామంతుడైన గోన గణపారెడ్డి రెండు గుట్టలను కలుపుతూ ఈ కోట కట్టించాడనీ, ఊరి చెరువు గణపసముద్రం కూడా ఆ కాలానిదేననీ పెద్దలు చెబుతారు. పాలమూరు మెట్టనేలలో పుట్టిన మాకు సముద్రమంటే ఆ చెరువే. అసలు సముద్రంతో ఆ రాజుకున్న సంబంధం నా మనసుకు తట్టింది మాత్రం ఒక విమానాశ్రయంలో.

మారిషస్ వెళ్ళడానికి మనవాళ్ళకు ముందుగా వీసా అక్కరలేదు. ఆ ధీమాతో, తిరుగు ప్రయాణం సంగతి అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చునని, ఒకవైపు టికెట్టుతోనే బయలుదేరాను. "తిరుగు టికెట్టు చూపించండి" అన్నది కౌంటరులోని అమ్మాయి. లేదన్నాను. "అయితే ఎక్కనివ్వడం కుదరదండీ. వాళ్ళు మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే వెనక్కి తీసుకురావలసిన పూచీ మాదే" అని నెమ్మదిగానే చెప్పింది. అక్కడికక్కడే ఎక్కువ ధర పెట్టి టికెట్టు కొన్నాను. నా మాట, నా వయసు, నా ఉద్యోగం ఏవీ సాక్ష్యానికి పనికిరాలేదు. నేను వెళ్ళిపోతానని చెప్పగలిగింది ఆ కాగితం ఒక్కటే.

విమానంలో కూర్చున్నాక మోటుపల్లి శాసనం జ్ఞాపకం వచ్చింది.

మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోని తీరగ్రామం. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలోని స్తంభం మీద గణపతిదేవుడు 1244లో చెక్కించినది అభయశాసనం. ఒక దేశానికని బయలుదేరిన ఓడ తుఫానుకు చిక్కి వేరొక తీరానికి కొట్టుకువస్తే, అందులోని బంగారాన్నీ, గుర్రాలనూ, ఏనుగులనూ, రత్నాలనూ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ధనం ప్రాణం కన్నా ప్రియమైనది గనుక, నియమించిన సుంకం తప్ప తక్కినదంతా ఆ వర్తకులకే విడిచిపెడుతున్నామని రాజు ప్రకటించాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, మిరియాలు వంటి సరుకులకు సుంకాలు కూడా అందులో నిర్ణయించాడు.

ఇది ఉత్త దయ అనుకోనక్కరలేదు. ఓడలు వస్తేనే సుంకం, సుంకం వస్తేనే ఖజానా. అయినా ఆ శాసనంలో నన్ను ఆకట్టుకున్నది మాట ఇచ్చే పక్షం. భయపడుతున్నవాడు వచ్చినవాడు, అభయమిచ్చినవాడు నేలకు ఏలిక. నువ్వెప్పుడు పోతావన్న ప్రశ్న అందులో లేదు.

ఆ ప్రశ్న పుట్టిన చోట్లలో ఒకటి దక్షిణాఫ్రికాలోని నాతాల్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రురో' అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తొలి జట్టు అది. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. పదేళ్ళు నిండినవారిని ఉచితంగా స్వదేశానికి చేరుస్తామన్నది అప్పటి షరతు. అంటే తిరుగు టికెట్టు కూలీకి ప్రభుత్వం ఇచ్చిన హామీ. 1895 నాటికి అదే ప్రభుత్వం మాట మార్చింది. ఒప్పందం ముగిశాక మళ్ళీ కూలీగా చేరనివాళ్ళు, తిరిగి వెళ్ళనివాళ్ళు ఏటా 3 పౌన్లు కట్టాలన్నది. ఆ పన్ను 1914లో గాని పోలేదు.

1897లో మరో చట్టం వచ్చింది. ఐరోపా భాషల్లో ఏదో ఒకదానిలో దరఖాస్తు రాయలేనివాడికి నాతాల్‌లో ప్రవేశం లేదు. మరి ట్రాన్స్‌వాల్‌లో ఉన్న భారతీయుడు డర్బన్ మీదుగా స్వదేశానికి పోవాలంటే? అందుకు 'ఎంబార్కేషన్ పాసు' ఉండేది. 10 పౌన్లు ధరావతు కట్టి లోపలికి రావాలి, ఓడెక్కి వెళ్ళిపోతే సొమ్ము వాపసు. ఆ పాసు మీద అదనంగా ఒక పౌను రుసుము వేసినప్పుడు గాంధీగారూ అక్కడి భారతీయులూ గట్టిగా అభ్యంతరం చెప్పారు. నేను కౌంటరు దగ్గర కొన్న టికెట్టుకు ఈ ధరావతు పూర్వరూపంలా కనిపిస్తుంది. వెళ్ళిపోతానని మాట ఇవ్వవలసినవాడు ఇప్పుడు ప్రయాణికుడు.

ప్రతి రాజ్యానికీ తన సరిహద్దు కాపాడుకునే హక్కు ఉంది, కాదనను. వచ్చినవాళ్ళందరినీ నిలుపుకోగల నేల ఎక్కడా లేదు. నాకైతే అది ఒక పూట చిరాకు, కొంత ఖర్చు. కానీ మా పాలమూరు వలసలకు పేరుపడిన సీమ. తిరుగు టికెట్టుకు డబ్బు చాలనివాడికి ఆ కాగితమే ఒక కోటగోడ. సాక్ష్యం అడుగుతున్నది మనిషి ఉద్దేశానికి, కొలుస్తున్నది మాత్రం అతని జేబును.

తిరిగివచ్చాక ఒక సాయంత్రం కోట ఎక్కి గణపసముద్రం వైపు చాలాసేపు చూశాను. ఈ గోడలు కూడా పరాయివాణ్ణి ఆపడానికి కట్టినవే. ఈ కోటకు పేరైన రాజే అక్కడ తీరాన ఆ అభయస్తంభం నిలిపించాడు. నేనింతవరకు మోటుపల్లి చూడలేదు. ఈసారి ప్రయాణం అక్కడికే.