పాత పత్రికలను చదవడమే కాదు, చూడాలి

చరిత్ర రాసేవారు పాత పత్రికలను చదువుతారు. బొమ్మలు గీసేవారికి, నాటకం వేసేవారికి, సినిమా తీసేవారికి చదివితే చాలదు, చూడాలి. ఆనాటి పత్రిక ఎలా ఉండేదో కళ్లారా చూడకుండా ఊహించుకుంటే పొరపాట్లు తప్పవు.

స్వాతంత్ర్యోద్యమ నాటకాల్లో పాత్రధారి చేతిలోని పత్రిక తరచు గోధుమరంగులో కనిపిస్తుంది. నిజానికి అచ్చయిన రోజున అది దాదాపు తెల్లగానే ఉండేది! న్యూస్‌ప్రింటును చెక్కగుజ్జుతో చేస్తారు. అందులోని లిగ్నిన్ అనే పదార్థం గాలికి, వెలుతురుకు మార్పు చెంది, ఏళ్లు గడిచేకొద్దీ కాగితం రంగు మారి పెళుసెక్కుతుంది.

మొదటి పేజీ సంగతి మరొకటి. ఈనాటి అలవాటు కొద్దీ అక్కడ పెద్ద శీర్షికతో వార్త పెట్టేస్తాం. కాని 'ది హిందూ' మొదటి పేజీలో 1958 దాకా సాధారణంగా ప్రకటనలే ఉండేవి. లండన్ 'టైమ్స్' 1966లో గాని ఆ పద్ధతి మార్చుకోలేదు.

ఇక ధరలు. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకు ముందటి ప్రకటనల్లో రూపాయలు, అణాలు కనిపిస్తాయి. ఆ తరువాత 1964 దాకా 'నయా పైసలు'. తేదీ చిరిగిపోయిన పేజీ ఏ కాలానిదో చెప్పడానికి ఈ గుర్తు ఎంతో ఉపకరిస్తుంది. ఈ లెక్కలు మన తరానికి ఒకరు చెప్పాలా!

మరి ఇవన్నీ ఎక్కడ చూడాలి? 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల సంపుటాలకు పేరు పొందింది. హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. 1902లో బందరులో మొదలైన 'కృష్ణాపత్రిక', 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిన 'ఆంధ్రపత్రిక', 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వాన వచ్చిన 'గోలకొండ పత్రిక' వంటివి వెదకదగినవి. ప్రెస్ అకాడమీ వారు ఎన్నో పాత సంచికలను కంప్యూటరులో చూసే వీలు కల్పించారు. మైక్రోఫిల్ములో మాత్రం ఛాయాచిత్రాలు తరచు నల్లని మచ్చల్లా కనబడతాయి. బొమ్మ కోసం వెళ్లేవారు వీలైతే అసలు ప్రతినే చూపమని అడగాలి.

మన సభ్యుల ఇళ్లలో, అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పాత సంచికలు ఉండవచ్చు. కావలసిన వార్త కత్తిరించి మిగతాది పారవేస్తే పత్రిక పేరు, తేదీ, పక్కనున్న ప్రకటన అన్నీ పోతాయి. పేజీని పేజీగానే ఉంచండి. మడతలు విప్పి, వెలుతురు తగలని పొడిచోట పరచి భద్రపరచండి. తూకానికి అమ్మేముందు దగ్గరలోని గ్రంథాలయం వారికి ఒక్కమాట చెప్పండి. మనకు చిత్తుకాగితమనిపించినదే రేపు మన మనుమలకు మన కాలాన్ని చూపించే ఏకైక ప్రతి కావచ్చు.