తొక్కని సైకిల్

ఆదివారం, పొద్దున ఆరు. హైదరాబాద్ నాంపల్లి స్టేషన్ మెట్లు దిగండి. ఆటోవాళ్లు ‘కహా జానా సాబ్’ అంటూ చుట్టుముడతారు. వాళ్లను దాటి నాలుగడుగులు వేస్తే గోడవారన ఒక సైకిల్ తలకిందులుగా నిలబడి ఉంది. వెనక చక్రం ఊడదీశారు. పక్కనే నేలమీద స్టీలు చాయ్ డబ్బా, కాగితపు కప్పుల కట్ట.

“చాచా, జర జల్ది చూడు. డబ్బాల చాయ్ సల్లారిపోతది.”

“సల్లారితే మల్ల కాగవెట్టుకో బేటా. ట్యూబు నా మాట ఇనదు.”

పెద్దాయన ట్యూబుకు గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచుతాడు. జానెడు జానెడు చొప్పున తిప్పుతున్నాడు. బుడగల్లేవు. ఇంకా తిప్పాడు. ఒకచోట సన్నగా, ఆవాలంత బుడగలు వరసకట్టి పైకి లేచాయి. అక్కడ వేలు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్దాడు. సొల్యూషన్ పూశాడు. వెంటనే అతికించలేదు, రెండుసార్లు ఉఫ్ అని ఊది కాసేపు ఆరనిచ్చాడు. ఆ తర్వాతే పాత ట్యూబులోంచి కత్తిరించిన ముక్క వేసి సుత్తితో మెల్లగా దరువేశాడు. చాయ్ అబ్బాయికి ఈ ఆరబెట్టడమే నచ్చడం లేదు. అంతా చూశాక నాకైతే ఆ రెండు నిమిషాల్లోనే పనితనమంతా ఉందనిపించింది.

గాలి నింపిన టైరును డన్‌లప్ అనే పశువైద్యుడు 1888లో బెల్‌ఫాస్ట్‌లో తన కొడుకు మూడు చక్రాల బండి కోసం చేశాడు. అంతకు మూడేళ్ల ముందే, 1885లో, ఇంగ్లండులోని కోవెంట్రీలో స్టార్లీ అనే ఆయన ‘రోవర్’ సైకిల్‌ను తీసుకొచ్చాడు: దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే చైను. దానికి ముందు జనం ఆరడుగుల మనిషికి ఛాతీ దాకా వచ్చే ముందు చక్రంమీద ఎక్కి కూర్చునేవారు. పడితే ముఖం పచ్చడే. ఇప్పుడీ గోడవారన తలకిందులుగా ఉన్నది ఆ రోవర్‌కు మనవడే, పెద్దగా పోలిక మారలేదు.

రండి, స్టేషన్ రోడ్డు పట్టుకుని అబిడ్స్ వైపు నడుద్దాం. ఈ స్టేషన్ 1907 నాటిది. ఒకప్పుడు దీని ముందు సైకిల్ రిక్షాలు బారులు తీరేవి. సినిమా హాళ్ల దగ్గర సైకిల్ స్టాండ్లు. ఇచ్చిన చీటీలో సగం హ్యాండిల్‌కు, సగం మన జేబులో. ఆ సగం పారేసుకున్నవాడికి ఆట వదిలాక అసలు సినిమా మొదలయ్యేది. అబిడ్స్‌లోని రామకృష్ణ థియేటర్ ఒకప్పుడు ఎన్టీఆర్‌ది. ఆయన 1982లో పెట్టిన పార్టీకి గుర్తు సైకిల్. ఆ సైకిల్ ఇక్కడికి కూతవేటు దూరంలో, పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న అసెంబ్లీలోకి వెళ్లింది. స్టాండ్లేమో స్కూటర్లకు, తర్వాత కార్లకు పోయాయి.

ఏడవుతోంది. షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిడ్ నడిపిన దుకాణం ఇప్పుడు లేదు, పేరు మాత్రం కూడలికి మిగిలింది. ఆదివారం ఆ మూసిన షట్టర్ల ముందే పాత పుస్తకాలు పరుచుకుంటాయి. అదిగో, ఒకాయన వస్తున్నాడు. మొదట సైకిల్ కనబడదు, మూటలే కనిపిస్తాయి. క్యారియర్‌మీద రెండు గోనె సంచులు, నడిమి బారుమీద ఇంకోటి. పాత ట్యూబును నిలువునా చీల్చి చేసిన పట్టీతో బిగించి కట్టారు. ఎడమచెయ్యి హ్యాండిల్‌మీద, కుడిచెయ్యి మూటమీద. భుజం ఆనించి తోస్తున్నాడు. సీటుమీద కూర్చునే జాగా లేదు. పెడల్ దానంతటదే తిరిగి పిక్కకు తగులుతోంది. ప్రతి పది అడుగులకూ ఆయన కాలు పక్కకు తీస్తున్నాడు.

1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన మొదటి బండికి పెడల్ లేదు. చెక్క చట్రంమీద కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయాడు. అంతకు ముందు ఏడాది పంటలు పోయి, గుర్రాలకు మేత కరువై ఆ బండి పుట్టిందని ఒక కథ చెబుతారు. కథ బాగుంది గాని, నాకంత నమ్మకం లేదు. పెడళ్లు వచ్చింది 1860లలో, పారిస్‌లో. తొక్కే సైకిల్ కోసం యూరప్ అంత కష్టపడితే, అబిడ్స్‌లో ఈయన దాన్ని మళ్లీ తోసే బండిగా మార్చుకున్నాడు. ఇక్కడి సైకిల్ సవారీకి కాదు, బరువుకు. చాయ్ డబ్బా, పేపర్ల కట్ట, పుస్తకాల మూట: వీటిలో ఏ ఒక్కటి దించినా ఆ రోజు కూలి దిగిపోయినట్టే.

నగరం పడమటి కొసన, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ బాట తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. సంతోషమే. మనం స్టేషన్ నుంచి నడిచి వచ్చిన దారిలో సైకిల్ కోసం గీసిన తెల్లగీత ఒక్కటైనా కంటబడిందా?

వెనక కారు హారన్. పుస్తకాలాయన తల తిప్పలేదు. తిప్పితే మూట ఒరుగుతుంది. మళ్లీ హారన్. మీరు ఎప్పుడైనా ఆదివారం పొద్దున ఇటు కారులో వస్తే, ఆయన వెనకాల హారన్ కొట్టకండి. రెండు చేతులూ ఖాళీ లేవు, పక్కకు జరగలేడు.