జింకు వెనకాల నక్కి వచ్చిన లోహం

1817లో జర్మనీలోని హనోవర్ రాజ్యంలో మందుల దుకాణాలు తనిఖీ చేసే బాధ్యత ఫ్రీడ్రిష్ స్ట్రోమేయర్ అనే రసాయన శాస్త్రవేత్తది. గాటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడాయన. జింకు ఆక్సైడ్ ఉండాల్సిన చోట దుకాణాల్లో జింకు కార్బొనేట్ కనిపించింది. ఇదేమిటని ఆరా తీస్తూ ఆ సరుకు తయారయ్యే సాల్జ్‌గిట్టర్ కార్ఖానా దాకా వెళ్ళాడు. అక్కడివాళ్ళు తమ గోడు చెప్పుకున్నారు. కార్బొనేట్‌ను ఎర్రగా కాలిస్తే తెల్లటి ఆక్సైడ్ రావాలి, పసుపుపచ్చ పొడి వస్తోంది. ఇనుము కలిసి ఉంటే అలా పచ్చబడుతుంది గానీ, ఎంత వెతికినా అందులో ఇనుము లేదు. దాదాపు అదే సమయంలో మరో ఊళ్ళో తయారైన జింకు ఆక్సైడ్‌లో పాషాణం ఉందేమోనన్న అనుమానంతో అధికారులు సరుకు ఆపేశారు. పాషాణమూ కాదు. స్ట్రోమేయర్ ఆ పసుపు రంగు వెనకాల ఉన్నదాన్ని విడదీసి చూస్తే అంతవరకు ఎవరికీ తెలియని లోహం బయటపడింది. జింకు ఖనిజానికి పాతకాలపు లాటిన్ పేరు కాడ్మియా. ఆ పేరు మీదే దానికి కాడ్మియం అని పెట్టారు.

పుట్టుకలోనే దాని గుణమంతా ఉంది. ఆవర్తన పట్టికలో కాడ్మియం సరిగ్గా జింకు కింద గడిలో కూర్చుంటుంది. మన పెద్దలు తుత్తునాగం అని పిలిచిన జింకు లేనిదే ప్రాణికి రోజు గడవదు. కాడ్మియంతో మాత్రం మన శరీరానికి పనే లేదు. అయినా జింకు కోసం తెరిచి ఉంచిన తలుపుల్లో కొన్ని దీనికీ తెరుచుకుంటాయి. లోపలికి వచ్చాక ఒక పట్టాన బయటికి పోదు. మూత్రపిండాల్లో చేరితే దశాబ్దాల తరబడి అక్కడే ఉంటుంది. జపాన్‌లోని తోయామా ప్రాంతంలో గని వ్యర్థాలు జింజు నదిలో కలిసి, ఆ నీటితో పండిన వరి అన్నం తిన్న ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారి, అడుగు వేస్తే విరిగిపోయేవి. దానికి కారణం కాడ్మియమేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. ఆ రోగం పేరు ఇతాయ్-ఇతాయ్. మన భాషలో ‘అబ్బా, అబ్బా’ అని.

ఈ లోహం సంతానాంగాల మీద ఏం చేస్తుందన్న సంగతి ఎముకల కథ కంటే చాలా ముందే, ఎలుకల్లో కంటబడింది. 1919లో అమెరికా వ్యవసాయ శాఖలో కార్ల్ ఆల్స్‌బర్గ్, ఎరిక్ ష్వార్ట్జ్ కాడ్మియం విషగుణాలు పరీక్షిస్తూ, మగ ఎలుకల వృషణాలు నీలిరంగుకు తిరగడం గమనించి రాసిపెట్టారు. అక్కడితో సరి. ఆ నీలం ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళు లేరు. కళ్ళెదుట కనిపించిన గుర్తు ముప్పై ఏడేళ్ళు కాగితాల్లో పడి ఉండిపోయింది.

అడిగినవాడు ప్రాగ్‌లోని యిర్షీ పార్జిజెక్. ఆహారంలో జింకు తగ్గితే ఎలుకల వృషణాలు కుంచించుకుపోతాయని అప్పటికే తెలుసు. జింకు లేకపోతేనే అంత నష్టమైతే, జింకులా కనిపిస్తూ జింకు పని చేయలేని లోహం దాని చోటు ఆక్రమిస్తే ఏమవుతుంది? 1956లో సహచరుడు జాహోర్‌తో కలిసి నేచర్ పత్రికలో వేసిన చిన్న వ్యాసం, మరుసటి ఏడాది వచ్చిన పెద్ద వ్యాసం ఆ ప్రశ్నకు జవాబులు.

ఆ జవాబు ఎలాంటిదో తెలియాలంటే ఎలుక వృషణాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఎదిగిన ఎలుకలో అది పాలిపోయిన లేత రంగులో, పైన మెలికలు తిరిగిన రక్తనాళపు గీతతో, చేతికి బిగువుగా తగులుతుంది. బరువు గ్రామున్నర అటూ ఇటూ. పైపొర చీలిస్తే లోపలంతా సన్నటి నాళికలు, జంతికల చుట్టలు కుక్కి పెట్టినట్టు. ఆ నాళికల గోడల్లో వీర్యకణాలు తయారవుతాయి, నాళికల సందుల్లో పురుష హార్మోను తయారుచేసే కణాలుంటాయి. చర్మం కింద ఒక్క సూది కాడ్మియం క్లోరైడు ఇస్తే, గంటల్లోనే ఈ అవయవం ఉబ్బుతుంది. రక్తం కారి కందిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో జంతికల చుట్టలన్నీ చచ్చిన ముద్దవుతాయి. అదే జంతువులో మిగిలిన అవయవాలు చాలావరకు మామూలుగానే ఉంటాయి. ఆల్స్‌బర్గ్ చూసిన నీలం ఈ కందిన రక్తానిదే. పార్జిజెక్ మరో సంగతి కూడా చూపించాడు. కాడ్మియంతో పాటు జింకును ఎక్కువ మోతాదులో ఇస్తే ఈ విధ్వంసం జరగదు. అసలు యజమాని ఇంట్లో నిండుగా ఉంటే మారువేషగాడికి చోటు దొరకనట్టు.

ఈ వార్త మన దేశానికి త్వరగానే చేరింది. లక్నోలో గోమతి ఒడ్డున ఛత్తర్ మంజిల్ అనే నవాబుల భవనంలో అప్పట్లో కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ ఎ.బి. కర్ బృందం ఇంకా ఈడు రాని ఆడ ఎలుకల అండాశయాల మీద కాడ్మియం ప్రభావాన్ని పరిశీలించింది. 1960లో జింకుతో పాటు సెలీనియం కూడా ఎలుకల బీజకోశాలను కాడ్మియం బారి నుంచి కాపాడుతుందని చూపించింది. ఒక లోహం చేసే చెడును మరో మూలకం అడ్డుకోవడమన్న ఆలోచన తర్వాతి కాలంలో చాలా దూరం వెళ్ళింది. లక్నో పని అందులో మొదటి వరసలోది. మనవాళ్ళకు ఈ సంగతి ఇంకాస్త బాగా తెలియాలని నాకనిపిస్తుంది.

1960లలో మయామీలో గన్, గూల్డ్, ఆండర్సన్ దెబ్బ మొదట తగిలేది వీర్యకణాలకు కాదని, వృషణంలోని సన్నటి రక్తనాళాలకని తేల్చారు. ఒక్క సూది వేసిన ఎలుకల్లో నెలల తర్వాత హార్మోను కణాలు మళ్ళీ మొలకెత్తి కణితులుగా మారడమూ చూశారు. ఇంతలో చుండెలుకల్లో వింత ఒకటి బయటపడింది. కొన్ని జాతుల చుండెలుకలకు ఎంత ఇచ్చినా వృషణం చెక్కుచెదరడం లేదు. అమెరికాలో బార్ హార్బర్ ఊళ్ళోని జాక్సన్ ప్రయోగశాల 1973లో ఇది ఒకే ఒక్క జన్యువు వల్ల జరుగుతోందని తేల్చింది. ఆ జన్యువు ఏమిటో తెలియడానికి మరో ముప్పై రెండేళ్ళు పట్టింది. 2005లో సిన్సినాటి విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. అది కణపు పైపొరలో ఒక ద్వారాన్ని తయారుచేసే జన్యువు, ద్వారం పేరు జిప్8. మామూలుగా జింకు, మాంగనీసు లోపలికి వెళ్ళే దారి అది. దెబ్బతినే జాతుల్లో వృషణ రక్తనాళాల లోపలి పొరలో ఈ ద్వారం ఉంటుంది, తట్టుకునే జాతుల్లో ఆ చోట ఉండదు. ప్రాగ్‌లో పార్జిజెక్ వేసిన ప్రశ్నకు దాదాపు యాభై ఏళ్ళ తర్వాత తలుపు గుర్తుతో సహా సమాధానం దొరికింది.

ఇదంతా ఎదిగిన జంతువుల కథ. పసికూనల మాటేమిటి?

మొదట్లో పసికూనలు క్షేమమనే అనిపించింది. 1980లో కాన్సస్‌లో వాంగ్, క్లాసెన్ వేర్వేరు వయసుల ఎలుకలకు కాడ్మియం ఇచ్చి చూస్తే, పెద్దవాటి వృషణాలను నాశనం చేసిన లోహం పుట్టిన కొద్ది రోజుల కూనల వృషణాలను కందించలేకపోయింది. అప్పుడే పుట్టిన కూనల కాలేయంలో మెటలోథయోనిన్ అనే ప్రొటీను సమృద్ధిగా ఉంటుంది. దాన్ని 1957లో హార్వర్డ్‌లో మార్గోషెస్, వాలీ గుర్రం మూత్రపిండంలో కనిపెట్టారు. కాడ్మియాన్ని అతుక్కుని కదలనివ్వదు. పైగా కూన వృషణంలోని రక్తనాళాలు పెద్దవాటిలా ఇంకా పరిపక్వం కాలేదు. కందలేదు, చావలేదు. అయితే వెంటనే కనబడని నష్టం కూడా ఉంటుందన్న అనుమానం బలపడటానికి సమయం పట్టింది.

ఎందుకంటే కూన వృషణం పెద్ద వృషణానికి చిన్న నమూనా కాదు. అక్కడ ఇల్లు ఇంకా కడుతున్నారు. ఎలుక గర్భం మూడు వారాలే. పదమూడు, పద్నాలుగో రోజుకు వృషణమా అండాశయమా అన్నది తేలుతుంది. 2008లో ఎడిన్‌బరో బృందం చూపించినట్టు, సుమారు పదిహేనున్నర నుంచి పద్దెనిమిదిన్నర రోజుల మధ్య పురుష హార్మోను తగినంత లేకపోతే మగ అవయవాలు పూర్తిగా రూపుదిద్దుకోవు. తర్వాత ఎంత హార్మోను ఇచ్చినా ఆ లోటు తీరదు. పుట్టాక రెండు వారాల పాటు సెర్టోలి కణాలు సంఖ్య పెంచుకుంటాయి. వీర్యకణాలకు పాలిచ్చి పెంచే దాదుల్లాంటివి అవి. ఒక్కో దాది మోయగల బిడ్డలు ఇన్నేనని లెక్క ఉంది కాబట్టి, ఆ రెండు వారాల్లో దాదులు తగ్గితే ఆ ఎలుక జీవితాంతం వీర్యకణాలు తక్కువే. ఆడ కూనల్లో పుట్టిన మూడు నాలుగు రోజుల్లోనే అండాల తొలి పుటికలు ఏర్పడతాయి. ఇక మీదట ఆ కొట్లోంచి తీసి వాడుకోవడమే.

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ళ దినచర్య వేరుగా ఉంటుంది. పుట్టిన వెంటనే ప్రతి కూననూ అరచేతిలో వెల్లకిల తిప్పి, మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తారు. మగ కూనలో అది ఆడ కూనలో కంటే దాదాపు రెట్టింపు. మిల్లీమీటరులో కొంత తగ్గినా, గర్భంలో హార్మోను తగ్గిందన్న మాట. నెల దాటాక ఆడ కూనలను రోజూ ఉదయాన్నే ఎత్తి చూస్తారు, యోని ద్వారం తెరుచుకుందా అని. అది ఎలుక ఈడేరిన రోజు. మామూలుగా ముప్పై మూడు, ముప్పై ఆరు రోజుల మధ్య వస్తుంది. పుస్తకంలో తేదీ, కూన సంఖ్య, బరువు రాసుకుంటారు. ఇన్నేళ్ళ వాదమంతా నిలబడేది ఆ పుస్తకంలోని అంకెల మీదే.

ఆ అంకెలు ఒకదానికొకటి ఎదురు చెప్పిన సందర్భం కూడా ఉంది. 2003లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ బెత్ మార్టిన్ బృందం కాడ్మియం స్త్రీ హార్మోనులా నటిస్తుందని చూపించింది. అండాశయాలు తీసేసిన ఎలుకలకు కిలో బరువుకు 5 మైక్రోగ్రాములు ఇస్తే గర్భాశయం బరువు పెరిగింది. ప్రాగ్‌లో మోతాదు మిల్లీగ్రాముల్లో ఉండేదని గుర్తుపెట్టుకోవాలి. గర్భిణి ఎలుకలకు అలాంటి చిన్న మోతాదులే ఇస్తే పుట్టిన ఆడ కూనలు ముందుగా ఈడేరాయి, వాటి పాల గ్రంథుల పెరుగుదల తీరు మారిపోయింది. 2011లో మద్రాసు విశ్వవిద్యాలయం తరమణి ప్రాంగణం నుంచి వచ్చిన వ్యాసం ఇంకోలా చెప్పింది. గర్భంలో కాడ్మియం తగిలిన ఆడ కూనలు ఆలస్యంగా ఈడేరాయి, అండాశయ హార్మోన్లు తగ్గాయి. ఒకరు ముందు అంటే ఒకరు ఆలస్యం అన్నారు. నేను ఇందులో తప్పెవరిదని వెతకను. అతి తక్కువ మోతాదులో హార్మోనులా నటించిన లోహమే, మోతాదు పెరిగితే హార్మోను తయారుచేసే కణాలనే దెబ్బతీస్తుంది. ఎంత ఇచ్చారు, ఏ రోజు ఇచ్చారు, నోటి ద్వారానా సూదితోనా అన్నది చెప్పకుండా ‘కాడ్మియం ఇది చేస్తుంది’ అని ఒక్క మాటలో తేల్చడం కుదరదని ఈ రెండు వ్యాసాలు పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది.

మరో విషలోహమైన సీసం దారి వేరు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 2002లో కూనలను తల్లుల మధ్య మార్చి చూశారు. కొన్నింటికి సీసం గర్భంలో మాత్రమే, కొన్నింటికి పాలతో మాత్రమే, కొన్నింటికి రెండు విధాలా. ఎలా తగిలినా ఈడు ఆలస్యమైంది. గర్భంలో తగిలినదే బలంగా పనిచేసింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మగ ఎలుకలకు సీసం ఇచ్చి, వాటితో జతకట్టిన ఆడ ఎలుకల గర్భాలను పరిశీలించారు. తండ్రి వైపు నుంచి కూడా నష్టం పిల్లల దాకా వెళ్తుందని 2011లో వచ్చిన వాళ్ళ వ్యాసం చెప్పింది. గర్భిణి ఒక్కదానికే జాగ్రత్తలు చెప్పే ఇళ్ళలో ఈ మాట వినపడాలి.

ఎలుక మనిషి కాదు. గర్భం కాలం వేరు, మోతాదులు వేరు. అయినా కొన్ని సంగతులు రెండింటికీ ఒకటే. గర్భంలో బిడ్డను పోషించే మాయ, సీసాన్ని దాదాపు ఆపలేదు. కాడ్మియాన్ని మాత్రం చాలావరకు తనలోనే పట్టి ఉంచుతుంది, ఆ పట్టి ఉంచడంలో బిడ్డకు వెళ్ళాల్సిన జింకుకు అడ్డం పడుతుంది. శరీరంలో ఇనుము తగ్గిన స్త్రీ పేగు, ఆహారంలోని కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఎందుకంటే ఇనుము కోసం పెంచుకున్న ద్వారాల గుండానే ఇదీ లోపలికి వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకుల్లో దాచుకుంటుంది. ఒక్కో సిగరెట్టులో ఒకటి రెండు మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. ఇంట్లో ఒకరు కాలిస్తే ఆ పొగ పక్కనున్న గర్భిణికీ చేరుతుంది. ఐరన్ మాత్రలు మొహమాటానికి తీసుకుని గూట్లో పెట్టేసే అక్కచెల్లెళ్ళకు ఎలుకల కథ చెప్పాలని నాకు బలంగా ఉంది.

ఈ పరిశోధనలో ఇప్పుడు మల్లగుల్లాలు పడుతున్న చోటు చాలా చిన్నది. ఎలుకకు పెట్టే మేత గిన్నె. ధాన్యంతో చేసిన మామూలు మేతలో కాడ్మియం లేశమాత్రంగా ఎప్పుడూ ఉంటుంది, విడతకీ విడతకీ మారుతుంది. సోయా కలిసిన మేతలో హార్మోనులా పనిచేసే పదార్థాలూ ఉంటాయి. ఏ లోహమూ ఇవ్వని గుంపు అని పోలిక కోసం పెట్టుకున్న ఎలుకలకు కూడా రోజూ కాస్త కాస్త అందుతూనే ఉంది. అందుకే కొందరు 1993లో అమెరికా పోషకాహార సంస్థ ఖరారు చేసిన శుద్ధ మేతనే వాడుతున్నారు. పిండి, పాల ప్రొటీను, నూనె, లవణాలు వేటికవి తూచి కలిపిన మేత అది. గర్భిణి ఎలుకలకు, పాలిచ్చే తల్లులకు ఉద్దేశించిన రకం విడిగా ఉంది. అయినా ప్రయోగం మొదలుపెట్టే ముందు ఒక పిడికెడు తీసి లోహాల పరీక్షకు పంపుతారు. గిన్నెలో పోసే నీళ్ళు కూడా పంపుతారు.