సరీసృపాల ఆవరణలలో విద్యుత్ తాపనం

సరీసృపాల ఆవరణలలో విద్యుత్ తాపనం అనగా బోనులలో, గాజు పెట్టెలలో ఉంచిన పాములు, తాబేళ్ళు, బల్లులు మొదలైన వాటికి అవసరమైన వెచ్చదనాన్ని విద్యుత్ పరికరాల ద్వారా అందించే పద్ధతి. జంతుప్రదర్శనశాలలలోను, వన్యప్రాణి రక్షణ కేంద్రాలలోను, పశువైద్యశాలలలోను దీని అవసరం కలుగుతుంది. తిరుపతి, చిత్తూరు వంటి వేడి ప్రాంతాలలో వేడిని అందించడం ఎంత ముఖ్యమో, అది మితిమీరకుండా చూడడమూ అంతే ముఖ్యం.

నేపథ్యం

సరీసృపాలు శీతరక్త జంతువులు. పక్షులు, క్షీరదాల వలె ఇవి శరీరంలో తగినంత ఉష్ణాన్ని ఉత్పత్తి చేసుకోలేవు. ఎండకూ నీడకూ మారుతూ శరీర ఉష్ణోగ్రతను సరిచేసుకుంటాయి. శేషాచలం కొండలలో కనిపించే బంగారు బల్లికి రాతి పగుళ్ళే ఆశ్రయం. చలిలో సరీసృపాల జీర్ణక్రియ, వ్యాధినిరోధక శక్తి మందగిస్తాయి. అందువలన జబ్బుపడిన జంతువుకు వెచ్చదనం చికిత్సలో భాగమవుతుంది. అయితే శరీర ఉష్ణోగ్రత 40 నుండి 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే అనేక జాతులకు ప్రాణాపాయం కలుగుతుంది.

స్థానిక వాతావరణం

తిరుపతిలో వేసవి పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. ఆ కాలంలో హీటరు కంటే నీడ, నీరు, గాలి ప్రసరణ అవసరం. శీతాకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హార్సిలీ కొండలపై చలి మరింత ఎక్కువ. కాబట్టి ఒకే అమరిక ఏడాది పొడవునా, అన్ని చోట్లా పనికిరాదు.

పరికరాలు

* బల్బులు: వెలుతురుతో పాటు వేడినిస్తాయి. రాత్రివేళ వెలుతురు జంతువుకు ఇబ్బంది కలిగిస్తుంది.
* పింగాణీ హీటర్లు: వెలుతురు లేకుండా వేడినిస్తాయి. వీటి ఉపరితలం 200 డిగ్రీలకు మించి వేడెక్కగలదు. ప్లాస్టిక్ హోల్డరు కరిగే ప్రమాదం ఉన్నందున పింగాణీ హోల్డరునే వాడాలి.
* హీట్ మ్యాట్‌లు: పలుచని పరుపు వంటివి. తక్కువ విద్యుత్తును వాడుకుంటాయి. 25 వాట్ల మ్యాట్ 24 గంటలు పనిచేస్తే 0.6 యూనిట్లు ఖర్చవుతుంది.

ప్రమాదాలు

సరీసృపాలు తమను కాలుస్తున్న వస్తువు నుండి వెంటనే తొలగిపోకపోవచ్చు. పాములు వేడి బల్బుకు చుట్టుకొని, తాబేళ్ళు వేడి పలకపై కదలక కూర్చొని తీవ్రంగా కాలిన సందర్భాలు పశువైద్యులకు పరిచితమే. ఎండుగడ్డి, కాగితం తగిలితే నిప్పు అంటుకోవచ్చు. నీటి తొట్టె దగ్గర తీగ దెబ్బతింటే విద్యుదాఘాతం కలుగుతుంది.

విద్యుత్ పీడనంలోని హెచ్చుతగ్గులు కూడా ప్రమాదకరమే. హీటరు ఇచ్చే వేడి వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 230 వోల్టుల వద్ద 100 వాట్లు ఇచ్చే సాధారణ హీటరు 250 వోల్టుల వద్ద సుమారు 118 వాట్లు ఇస్తుంది.

జాగ్రత్తలు

* ప్రతి హీటరుకూ థర్మోస్టాట్ ఉండాలి. దాని సెన్సరును జంతువు కదిలించలేని విధంగా బిగించాలి. సెన్సరు ఊడి చల్లని చోట పడితే హీటరు ఆగకుండా పనిచేస్తుంది.
* థర్మోస్టాట్‌ను మాత్రమే నమ్మక, విడిగా థర్మామీటరుతో ఉష్ణోగ్రతను పరీక్షించాలి.
* ఆవరణలో ఒక వైపు మాత్రమే వేడి చేసి, రెండవ వైపు చల్లగా ఉంచాలి. రెండు వైపులా దాగుకొనే చోటు ఉండాలి.
* బల్బు, హీటరు చుట్టూ ఇనుప జాలీ బిగించాలి.
* ఎర్తింగ్ తప్పనిసరి. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే లీకేజి కలిగినపుడు విద్యుత్తు వెంటనే ఆగిపోతుంది.
* ప్లగ్గుకు చేరే ముందు తీగ కొంత కిందికి వేలాడేలా అమర్చితే, దాని వెంట జారే నీరు ప్లగ్గులోకి చేరదు.
* శుభ్రపరిచే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీయాలి.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ వంటి స్వదేశీ జాతులను అనుమతి లేకుండా ఇంట పెంచడం నేరం. గాయపడిన జంతువు కనబడితే హీటరు పెట్టి ఇంట ఉంచుకొనక, అటవీశాఖకు తెలియజేయాలి. చట్టపు నాలుగవ షెడ్యూలులో చేరిన విదేశీ జాతులను పెంచేవారు 2024 నాటి నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

ఇవి కూడా చూడండి

* శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల
* శేషాచలం కొండలు
* నక్షత్ర తాబేలు