పలక మీద అక్షరం, తెర మీద అక్షరం

మార్కాపురం అనగానే భక్తులకు చెన్నకేశవస్వామి ఆలయం, తక్కిన తెలుగువారికి పలక జ్ఞాపకం వస్తవి. కంభం, మార్కాపురం పరిసరాలలోని పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ శిలాశ్రేణికి కంభం పేరే పెట్టినారు. ఆ రాతిని పలుచని రేకులుగా చీల్చి, నునుపు చేసి, నాలుగంచులకు కర్ర చట్రం బిగించి పంపగా, వాటి మీద తరతరాల బాలబాలికలు ఓనమాలు దిద్దినారు. అంతవరకు కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు వచ్చినది.

అయితే ఈ పలక ఒక విద్యార్థికి ఏనాడూ ఉపకరించలేదు. చూపు లేని బాలుని వేలికి బలపపు గీత తగలదు. పలక చేసినవాడు ఆ బాలుని కాదనలేదు, తలచుకొననూ లేదు. వికలాంగులకు జరిగిన అన్యాయాలలో పెద్దభాగం ఇట్టి మరపు వలన కలిగినవే గాని ద్వేషం వలన కావని నా అభిప్రాయం.

ఆ బాలునికి తగిన పలకను పారిస్ నగరంలో మరొక బాలుడు సిద్ధం చేసినాడు. లూయీ బ్రెయిలీ 1824 నాటికి, తన పదునైదవ ఏట, ఆరు చుక్కల లిపిని రూపొందించినాడు. 1829లో దానిని ప్రకటించినాడు. ఆ లిపిని వ్రాసే చట్రానికి ఇంగ్లీషులో స్లేటు అనియే పేరు. చట్రంలో దళసరి కాగితం బిగించి, మొనగల పుల్లతో కుడినుండి ఎడమకు చుక్కలు పొడుస్తారు. కాగితం త్రిప్పి, పైకి లేచిన చుక్కలను ఎడమనుండి కుడికి వ్రేలితో చదువుతారు. మన దేశంలో ప్రాంతానికొక పద్ధతి ఉండగా, 1951లో భారతీ బ్రెయిలీ స్థిరపడినది. ‘క’ అను ధ్వనికి తెలుగులోనైనా, హిందీలోనైనా, వంగభాషలోనైనా ఒకటవ చుక్క, మూడవ చుక్క మాత్రమే. కళ్ళకు వేరువేరుగా కనిపించే లిపులు వ్రేలికి ఒక్కటైనవి.

ఇక తెర సంగతి. కంప్యూటరులో అక్షరం గీత కాదు, సంఖ్య. 1991లో వెలువడిన యూనికోడ్ పట్టికలో తెలుగు ‘క’ సంఖ్య 3093. ఆ సంఖ్యను తెరపై ఆకారంగా గీయవచ్చును, యంత్రకంఠంతో పలికించవచ్చును, చిన్న చిన్న సూదులను పైకి లేపి బ్రెయిలీగా వ్రేలికి అందించవచ్చును. పలక చేయలేని పని ఇది. కన్నున్నవానికీ లేనివానికీ అక్షరం ఒక్కటే అయినది. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు వచ్చినవి. వానిలో ఎన్.వి.డి.ఎ. అనుదానిని 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అను అంధయువకుడే ఆరంభించి, ఉచితంగా పంచినాడు. నేడు చేతిఫోనులు సైతం తెలుగు చదివి వినిపిస్తున్నవి.

ఇన్ని సౌకర్యాలుండగా చిక్కెక్కడ? వెబ్‌సైటు తయారుచేయువాని బల్ల దగ్గర. యూనికోడ్ వాడుకలోకి రాకమునుపు అనేక తెలుగు వెబ్‌సైట్లు సొంత అక్షరరూపాలు వాడినవి. పైకి తెలుగే, లోపల ఇంగ్లీషు సంకేతాలు. చదివే యంత్రం ఆ వేషం వెనుకనున్న అర్థంలేని అక్షరాలను వల్లించేది. ఆ జబ్బు చాలవరకు తగ్గినది, మరొకటి మిగిలినది. కాగితాన్ని ఛాయాచిత్రం తీసి అట్లే పెట్టిన ఉత్తర్వు అది. యంత్రం “బొమ్మ” అని ఊరుకుంటుంది. పేరు వ్రాయని మీటల వద్ద “బటన్, బటన్” అంటుంది. వంకర అక్షరాల చిత్రం చూపి మనిషివని నిరూపించుకొమ్మన్నచోట పాపం యంత్రానికీ, దానిని నమ్ముకొన్న మనిషికీ దారి మూసుకుపోతుంది.

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లో, మరల 2008లో ఇందుకు నియమాలు ప్రకటించినది. బొమ్మకు వివరణగా ఒక వాక్యం వ్రాయుట, ప్రతి మీటకు పేరు పెట్టుట, మౌసు లేకుండ కేవలం కీబోర్డుతోనే అన్ని పనులూ సాగనిచ్చుట అందులోని ముఖ్యాంశాలలో కొన్ని. ఈ చివరిది మన సీమకు బాగా వర్తిస్తుంది. త్రాగునీటి ఫ్లోరైడు వలన ఎముకలు బిగుసుకొను వ్యాధిని 1937లో వైద్యులు వర్ణించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. మార్కాపురానికి పొరుగున ఉన్న పొదిలి, కనిగిరి అప్పుడా జిల్లాలోనివే. కీళ్ళు బిగిసినవానికి చూపు ఉండవచ్చును; మౌసును సూక్ష్మంగా కదపగల చేయి ఉండదు.

పింఛను, భూమి దస్త్రం, ధ్రువపత్రం అన్నీ తెరపైకి వచ్చినవి. వికలాంగుడని ధ్రువపరచు సదరం పరీక్షకు సమయం నమోదు కావలసినది కూడ కంప్యూటరులోనే. గిద్దలూరులోనో, కొండవార పల్లెలోనో ఉన్న అంధుడు సచివాలయానికో, మీసేవా కేంద్రానికో పోయి, తన ఆధార్ సంఖ్యనూ, ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యనూ పరుని చెవిలో వేయవలసివస్తున్నది. అక్కడివారు మంచివారే కావచ్చును. అయినను తన లెక్క తాను చూచుకొనగలవానిచేత ఇతరుల మంచితనం మీద బ్రతుకు వెళ్ళదీయించుట ఎక్కడి న్యాయం?

న్యాయస్థానం ఈ ప్రశ్నను విన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలు అందరికీ అందవలెనని చెప్పినది. ఆ ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిన నియమం చెల్లదని 2024 నవంబరులో, రాజీవ్ రతూరీ వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 30న వచ్చిన తీర్పు ఇంకను ముఖ్యమైనది. ఆమ్లదాడికి గురియైన ఒక స్త్రీ బ్యాంకు ఖాతాకు వెళ్ళగా, సజీవురాలని రుజువుగా కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమన్నారు. ఆ రెప్పలు ఆరవు. అంతర్జాల సేవలు అందుట జీవించు హక్కులో భాగమని, రాజ్యాంగం 21వ అధికరణం క్రింద, కోర్టు నిర్ణయించినది.

బడికో, అంగడికో, పంచాయతీకో వెబ్‌సైటు చేయువారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. వారు పరీక్షించుకొను మార్గం సులభమే. మౌసును ప్రక్కనబెట్టి, ట్యాబ్ మీట ఒక్కదానితో మొదటినుండి చివరి వరకు పోయి చూడవలెను. తరువాత ఫోనులోని చదివే సౌకర్యం తెరిచి, కళ్ళు మూసుకొని, తాము చేసిన దరఖాస్తును తామే పూర్తి చేయుటకు ప్రయత్నించవలెను.